టెలిఫోనక్క చదువు

కాలేజీ తెరిచిన మూడో రోజు మధ్యాహ్నం మా గది తలుపు తోసుకుని నలభై దాటిన ఒకావిడ లోపలికొచ్చింది. ఒక చేతిలో రేకుపెట్టె, చంకలో చుట్టిన పరుపు. కొత్త వార్డెన్ కాబోలనుకుని చటుక్కున లేచి నిలబడ్డాను. మంచం మీద బోర్లా పెట్టిన నవల్ని దిండు కిందికి తోశాను. ఆమె కళ్లు నా చేతితో పాటే దిండు దాకా వెళ్లి, మళ్లీ నా మొహం మీదికొచ్చాయి.

"కూర్చో అమ్మాయీ, నేనూ నీలాంటిదాన్నే. ఫస్టియర్ బి.ఏ. ఆ రెండో మంచం నాది," అంది.

నాకు పద్దెనిమిది నిండి రెండు నెలలు. మా అమ్మ కంటే పెద్దావిడ నాతో ఒకే గదిలో ఉండి, ఒకే పాఠం వల్లె వేస్తుందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రానికల్లా హాస్టల్ అంతా పాకిపోయింది: తొమ్మిదో గదిలో ఒక పెద్దావిడ దిగింది, చదువుకోవడానికొచ్చానని చెబుతోంది.

"చదువుకోవడానికే వచ్చిందంటావా?" అంది కళ్లద్దాల పిల్ల. మా అందరిలోకీ తెలివైనదని దానికి పేరు. ఆ పేరు అదే పెట్టుకుందేమో కూడా. "ఈ వయసులో ఎవరే బి.ఏ. చదివేది? ఎవరో పంపి ఉంటారు."

ఎవరో అంటే మేడ మీద ఉండే మేడమేనని మాకు వేరే చెప్పక్కర్లేదు.

మాది చిన్న క్రైస్తవ కాలేజీ. అందరినీ కలిపి లెక్కపెడితే నూట ఎనభై మందిమి. మా హాస్టల్ పిల్లలందరం ఇంటర్ నుంచీ అక్కడే ఉన్నవాళ్లం. ఒక పాఠాల భవనం, పక్కనే చాపెల్, దాని వెనక ఆడపిల్లల హాస్టల్. పొద్దున ఏడున్నరకి చాపెల్ గంట కొట్టేవాళ్లు. ఎవరి కుర్చీ వాళ్లదే, కుర్చీ వీపు మీద నంబరు ఉండేది. హాజరు పిలవాల్సిన పని లేదు, ఖాళీ కుర్చీ తానే చాడీ చెప్పేది.

హాస్టల్ మేడ మీద చివరి రెండు గదుల్లో వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ రెండు గదులే ఆమె ఇల్లు. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడితే చాలు, హాస్టల్‌లో నలభై మంది నోళ్లూ ఒక్కసారిగా మూతపడేవి. అందుకే ఆమెకి మేం నిశ్శబ్దమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆమె ఎవర్నీ తిట్టేది కాదు. గొంతు కూడా పెంచేది కాదు. ప్రార్థన చేసేది, అంతే. చాపెల్‌లో పాస్టర్ గారి ప్రసంగం అయ్యాక లేచి, కళ్లు మూసుకుని, పేరు చెప్పకుండా ఎవరో ఒకరి కోసం ప్రార్థించేది. తిట్టించుకున్నా ఇంతకంటే నయం అనిపించేది.

మా గదిలోకి వచ్చినావిడ ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. తల్లికి జబ్బు చేస్తే పదిహేడో ఏట చదువు మానేసి, నాలుగేళ్లు ఆమె దగ్గరే ఉండి, ఆపైన స్విచ్‌బోర్డు ముందు కూర్చుంది. తల్లి పోయింది, తమ్ముడి పెళ్లయింది, తమ్ముడి పిల్లలు బడికి వెళ్లారు. ఈమె మాత్రం అదే ఎత్తుకుర్చీలో కూర్చుని తీగలు పీకుతూ, గుచ్చుతూ ఉండిపోయింది. ఒకరోజు ఆటోమేటిక్ యంత్రం వచ్చింది. జనం వాళ్ల నంబరు వాళ్లే తిప్పుకోవడం మొదలుపెట్టారు. కాగితాల సెక్షన్‌లో బల్ల ఇస్తామన్నారట. "వద్దండీ, నేను ఆపేసిన దగ్గర్నుంచి చదువుకుంటాను," అందట.

ఇదంతా ఆమె మొదటి వారంలో నాకు చెప్పింది. నేను నమ్మానా అంటే, సగం నమ్మాను. కథ బాగానే ఉంది కానీ మరీ బాగుందనిపించింది.

ఆమె అలవాట్లు కొన్ని మమ్మల్ని భయపెట్టేవి. ఇరవై రెండేళ్లు హెడ్‌ఫోను మోసినందువల్ల తల ఎప్పుడూ కొంచెం ఎడమ పక్కకి వాలి ఉండేది. చూసేవాళ్లకి ఎప్పుడూ ఏదో వింటున్నట్టే ఉండేది. ఎవరైనా పిలిస్తే 'ఏంటి' అనేది కాదు, "చెప్పండి" అనేది. అన్నిటికంటే ముఖ్యం, గొంతులు. నాలుగు రోజుల్లో నలభై మంది గొంతులూ ఆమెకి పట్టుబడిపోయాయి. గోడవైపు తిరిగి చదువుకుంటూ ఉండేది. వరండాలో ఎవరో ఇద్దరు గుసగుసలాడుకుంటూ పోతే, "పన్నెండో గది పిల్లకి జలుబు చేసినట్టుంది, పాపం," అనేది తల తిప్పకుండా. ఆమె జాలిపడే అనేది. విన్నవాళ్లు మాత్రం అడుగు వేగం పెంచేవాళ్లు. టెలిఫోనక్క అనే పేరు అలా వచ్చింది. మొదట ముద్దుగానే పిలిచాం.

రెండో వారంలో మొదటి దెబ్బ నాకే తగిలింది.

చాపెల్‌లో పాటల పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదవడం నాకు అలవాటు. ఆ సంగతి సాయంత్రం ఇస్త్రీ గదిలో గొప్పగా చెప్పుకున్నాను. రోజూ అయిదింటికి మేం ఏడెనిమిది మందిమి అక్కడ చేరేవాళ్లం. ఇస్త్రీ చేసేది ఇద్దరే, మిగతావాళ్లం కబుర్లకి. వెనకటి ఇస్త్రీ గది కప్పు కారుతోందని ఆ ఏడాదే బల్లల్ని కింది వరసలో చివరన ఉన్న పాత గదిలోకి మార్చారు. ఒకప్పుడు అందరి స్నానాలకీ నీళ్లు కాచిన గది అది. మసిబారిన గోడ, ఇనప తలుపు సగం ఊడిన పొయ్యి, వెచ్చటి బట్టల వాసన. మాకు అది స్వర్గం.

మర్నాడు చాపెల్‌లో నిశ్శబ్దమ్మ కళ్లు మూసుకుంది. "ప్రభువా, పాటల పుస్తకం నడుమ వేరే పుస్తకం దాచుకునే మా బిడ్డను కూడా నువ్వు ప్రేమిస్తున్నావు. ఆమె కళ్లు నీ వైపు తిప్పు."

నా నవల చేతిలోంచి జారి కుర్చీ కింద పడింది. ఆ చప్పుడుతో, మిగిలినవాళ్లకి కూడా అనుమానం లేకుండా పోయింది.

ఎవరు చెప్పారు? ఇస్త్రీ గదిలో ఉన్నవాళ్లంతా నా ప్రాణస్నేహితులు. నా నవల చూసిన పరాయి మనిషి ఒక్కతే. దిండు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన ఆ కళ్లు గుర్తొచ్చాయి.

ఆ తర్వాత ఒకటి కాదు, రెండు కాదు. శుక్రవారం బైబిలు క్లాసు ఎగ్గొట్టి చెరువు దాకా నడిచి వద్దామని అయిదుగురం అనుకుంటే, గురువారం పొద్దునే "తప్పించుకోజూసే అయిదుగురు బిడ్డల" కోసం ప్రార్థన జరిగింది. నాలుగని కాదు, ఆరని కాదు, సరిగ్గా అయిదుగురని. చాపెల్ పాటల బృందంలో లావుపాటి అబ్బాయి పాడుతుంటే తలుపు కిర్రుమన్నట్టు ఉంటుందని ఒకతె అంటే, "తోటివాడి స్వరాన్ని ఎగతాళి చేసే నాలుక" కోసం ప్రార్థన. చాపెల్‌లో కూర్చుంటే ఎవరికీ ప్రసంగం చెవికెక్కేది కాదు. ఈ రోజు ఎవరి వంతా అని ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం.

టెలిఫోనక్క మాత్రం తల ఎడమకి వాల్చి, ప్రశాంతంగా వినేది. ఆ ప్రశాంతత చూస్తే ఒళ్లు మండేది.

ఇంతవరకూ ఆటలాగే ఉంది. పొడుగమ్మాయి సంగతితో ఆట కాకుండా పోయింది.

పొడుగమ్మాయి పాస్టరు కూతురు. మా కాలేజీ పాస్టరు కాదు, వేరే ఊళ్లో సంఘం చూసుకునే ఆయన. ఒక సాయంత్రం రవిక మడత మీద ఇస్త్రీ పెట్టె ఆపి, ఎవరూ అడక్కుండానే అంది. "నాకు నమ్మకం పోయిందే. ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడుతున్నట్టుంది. నాన్నకి ఎలా చెప్పాలో తెలియడం లేదు." కళ్లద్దాల పిల్ల దాని భుజం మీద చెయ్యి వేసింది. రవిక కాలిన వాసన వచ్చేదాకా ఎవరం కదల్లేదు.

మర్నాడు పొద్దున నిశ్శబ్దమ్మ గొంతు వణికింది. "ప్రభువా, కాపరి ఇంట్లోనే తప్పిపోయిన బిడ్డను వెతికి తీసుకురా." కాపరి అంటే పాస్టరు. పాస్టరు బిడ్డ మా అందరిలో ఒక్కతే. నూట ఎనభై తలలు ఒక్కసారి అటు తిరిగాయి. పొడుగమ్మాయి ఏడవలేదు. నిటారుగా కూర్చుని కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది, వేళ్లు తెల్లబడిపోయాయి.

వారం తిరక్కుండానే వాళ్ల నాన్న వచ్చాడు. మేడమ్ ఉత్తరం రాసిందట. ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. కూతురు పెట్టె తనే మోసుకుంటూ ముందు నడిచాడు. అది వెనకాల వెళ్తూ మా వైపు ఒక్కసారే చూసింది. ఆ చూపు మా అందరికీ వర్తిస్తుంది. కానీ మేమంతా దాన్ని పక్కకి మళ్లించి ఒకే మనిషి మీద పెట్టాం.

ఆ రోజు నుంచి టెలిఫోనక్కతో ఎవరం మాట్లాడలేదు. భోజనాల గదిలో ఆమె కూర్చున్న బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీ. ఆమె వరండాలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. "చెప్పండి" అన్నా చెప్పేవాళ్లు లేరు. గదిలో నేను వీపు తిప్పుకుని పడుకునేదాన్ని. ఆమె రెండుసార్లు ఏదో అడగబోయి ఆగిపోయింది. అలా అయిదారు రోజులు గడిచాయి.

"ఇలా కాదు, రుజువు కావాలి," అంది కళ్లద్దాల పిల్ల. ఉచ్చు దానిదే. సామాన్ల గదిలో ఒక పిల్లి మూడు పిల్లలు పెట్టిందనీ, వాటికి మేం రహస్యంగా పాలు పోస్తున్నామనీ తొమ్మిదో గదిలో టెలిఫోనక్క చెవిన పడేలా మాట్లాడుకోవాలి. పిల్లీ లేదు, పాలూ లేవు. మేడమ్ పిల్లి కోసం వెతికిందంటే చెప్పింది ఎవరో తేలిపోతుంది. ఎవరు ఏ మాట అనాలో ఆ సాయంత్రం ఇస్త్రీ గదిలో రెండుసార్లు సాధన కూడా చేశాం. నవ్వాగక బల్ల మీద పడి దొర్లాం.

అనుకున్నట్టే ఆ రాత్రి చేశాం. మర్నాడు పదింటికి వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని నిశ్శబ్దమ్మ సామాన్ల గది తాళం తీయించింది. విరిగిన బెంచీలన్నీ బయట పెట్టించి, మూలమూలా వెతికించింది. వాచ్‌మన్ "మ్యావ్, మ్యావ్" అని పిలుస్తూ తిరుగుతున్నాడు. మేం కిటికీల్లోంచి చూస్తూ ఒకరి చేతులు ఒకరం గిల్లుకున్నాం. ఇంకేం కావాలి?

నాకు అదీ చాలలేదు. ఆ శనివారం ఆమె క్లాసులో ఉండగా తలనొప్పి వంక పెట్టి గదికొచ్చి, ఆమె రేకుపెట్టె తెరిచాను. తాళం లేదు. మూడు చీరలు, తల్లి ఫోటో, సబ్బు పెట్టె, అడుగున పొడవాటి నోటుపుస్తకం. అది తెరిచి చూశాను. గీతలు గీసిన పేజీల నిండా మేమే ఉన్నాం. తేదీ, వేళ, గది, ఎవరు, ఏ మాట. "సాయంత్రం అయిదు తర్వాత, ఇస్త్రీ గది, పొడుగమ్మాయి, నమ్మకం సంగతి." పక్కనే, "మర్నాడు చాపెల్." నా నవల ఉంది. చెరువు ఉంది. లావుపాటి అబ్బాయి ఉన్నాడు. గూఢచారి అంటే ఇంతకంటే ఎలా ఉంటుంది?

పుస్తకం పట్టుకుని పరుగెత్తాను. మూడింటికి భోజనాల గదిలో ఇరవై మందిమి చేరాం. ఆమె తన గ్లాసు కడుక్కుందామని వచ్చింది. కళ్లద్దాల పిల్ల పుస్తకం ఎత్తి చూపించింది.

"ఇది మీదేనా?"

టెలిఫోనక్క గ్లాసు బల్ల మీద పెట్టింది. ముందు పుస్తకం వైపు చూసింది, తర్వాత నా వైపు. కోపం కనపడలేదు. పెట్టె తెరిచింది నేనేనని మాత్రం తెలిసిపోయింది.

"నాదే," అంది.

"సిగ్గులేదా మీకు? ఒక పిల్ల చదువు పోగొట్టారు!"

"పుస్తకం చివరిదాకా చదివారా?"

"చదివినంత చాలు."

"చాలదమ్మా. చివరి గడి చూడు. ప్రతి మాట పక్కనా ఒక గుర్తు ఉంటుంది, బయటికి పోయిందా, పోలేదా అని. తొమ్మిదో గదిలో అన్న మాటలు పదకొండు రాశాను. అందులో ఎన్ని బయటికి పోయాయి?"

కళ్లద్దాల పిల్ల పేజీలు తిప్పింది. మొండిగానే లెక్కపెట్టింది. "ఒకటి. పిల్లి."

"పిల్లి సంగతి మీరు ఇంకెక్కడా అనలేదా?"

మేం ఒకరినొకరం చూసుకున్నాం. ఇస్త్రీ గదిలో రెండుసార్లు.

"బయటికి పోయిన మిగతావన్నీ ఇస్త్రీ గదిలో అన్నవే. వరండాలో అన్నది పోలేదు. క్లాసులో అన్నది పోలేదు. నేను ఇస్త్రీ గదికి ఎప్పుడైనా రావడం చూశారా? నా చీరలు నేను పరుపు కింద మడత పెట్టుకుంటాను. మీ మాటలు నాకెలా తెలిశాయంటారా? మీరు మెట్లెక్కుతూ మళ్లీ అవే చెప్పుకుంటారు, తొమ్మిదో గది మెట్ల పక్కనే."

"మరి ఎందుకు రాశారు ఇదంతా?"

ఆమె కూర్చుంది. మొదటిసారి అలిసిపోయినట్టు కనిపించింది.

"ఎక్స్ఛేంజిలో ఒక్కోసారి రెండు లైన్లు ఎక్కడో ఒరుసుకుంటాయి. ఒకళ్ల మాట ఇంకొకళ్ల చెవిలో పడుతుంది. అప్పుడు ఊరంతా మొదట అనుమానించేది ఆపరేటర్నే. ఇది నాకు కొత్త కాదు. తిట్టించుకుంటూ కూర్చుంటే తీగ బాగుపడదు కదా. ఏ మాట ఎక్కడ్నించి పోతోందో రాసుకుంటూ పోతే, ఒరుసుకున్న చోటు దొరుకుతుంది. ఈ ఏడాది ఈ హాస్టల్‌లో కొత్తగా వచ్చినవి రెండు. ఒకటి నేను. రెండోది ఆ గది. మీరు నన్నొక్కదాన్నే చూశారు."

కొందరు పుస్తకం కోసం చెయ్యి చాపారు. కళ్లద్దాల పిల్ల మాత్రం తగ్గలేదు. "మాటలు బాగానే చెబుతున్నారు. చూపించండి."

"అయిదింటికి చూద్దాం. నాతో ఒక్కరు రండి, అందరూ వద్దు." నా వైపు చూసింది. "నువ్వు రా. పెట్టె తెరిచినదానివి, ఇదీ తెరువు."

అయిదింటికి కళ్లద్దాల పిల్ల ఇస్త్రీ గదిలో పొయ్యి పక్కన నిలబడి అర్థశాస్త్రం పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టింది. టెలిఫోనక్కా నేనూ మెట్లెక్కాం. ఆమె ప్రతి గది గోడకీ చెవి ఆనించి వింది. ఏమీ లేదు. వరండా చివరిదాకా వచ్చాం. ఇక మిగిలింది మేడమ్ గదులే. నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది. ఆమె తలుపు తట్టింది.

తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. నిశ్శబ్దమ్మ మోకాళ్ల దగ్గర చీర నలిగి ఉంది. చేతిలో బైబిలు.

"ఏం కావాలి?"

జవాబు మేం చెప్పక్కర్లేకపోయింది. ఆమె వెనక గోడలో పాతకాలపు చిన్న పొయ్యిగూడు, దాని ముందు మోకాళ్ల చాప. ఆ గూట్లోంచి కొంచెం బొంగురుగా, పక్కనే నిలబడి చదువుతున్నట్టు, కళ్లద్దాల పిల్ల గొంతు. "సరుకు తగ్గి, కావాలనేవాళ్లు పెరిగినప్పుడు..." కింద పొయ్యికీ ఈ గూటికీ ఒకటే పొగగొట్టం.

ముగ్గురం కదలకుండా నిలబడ్డాం. కింద అది ఒక పేరా మొత్తం చదివేసింది. మధ్యలో ఒక మాట దగ్గర తడబడి, "ఛీ" అని మళ్లీ చదివింది. ఆ ఛీ కూడా స్పష్టంగా వినపడింది.

మేడమ్ తలుపు వేయలేదు, మమ్మల్ని పొమ్మనలేదు. వెనక్కి వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"మొదటి రోజు గాలి అనుకున్నాను," అంది. "రెండో రోజు గాలి కాదని తెలిసింది. అప్పుడే లేచి అవతలి గదిలోకి పోవాల్సింది. పోలేదు." బైబిలు ఒళ్లో పెట్టుకుంది. "నేను ఏ గదిలోకి వచ్చినా మాటలు ఆగిపోతాయి. ముప్ఫై ఏళ్లయింది. పిల్లలు ఎలా మాట్లాడుకుంటారో మర్చిపోయాను. వాళ్ల నవ్వు వింటే..."

నాకు జాలి కలగాలి. కలగలేదు. పొడుగమ్మాయి తెల్లబడిన వేళ్లే కళ్ల ముందున్నాయి.

"విన్నారు సరే," అంది టెలిఫోనక్క. "చాపెల్‌లో ఎందుకు చెప్పారు, మేడమ్?"

"విన్నదాన్ని ఏం చెయ్యను? ఊరికే ఉంచుకోలేకపోయాను. ప్రార్థన చేస్తే మంచి జరుగుతుందనుకున్నాను. ఆ ఉత్తరం కూడా మంచికే రాశాననుకున్నాను. అయినా పొయ్యికి దూరంగా ఎవరైనా అంటే ముక్కలు ముక్కలుగానే వినపడేది. ఆ రోజు పిల్లి అన్న మాట ఒక్కటే సరిగ్గా వినపడింది."

టెలిఫోనక్క గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడింది. "నేనూ ఒక్కసారి విన్నానండి. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి. లైను కలిపాక తీగ వదిలెయ్యాలి. వదల్లేదు. ఒక డాక్టరు ఒకాయనకి, మీ ఆవిడ ఇంకో రెండు నెలలు మించి బతకదు, ఆవిడకి చెప్పకండి అన్నాడు. మర్నాడు ఆవిడ మా కౌంటరు దగ్గరికి వచ్చి, నవ్వుతూ, వచ్చే ఏడాదికి ఇల్లు కట్టుకుంటున్నామని నాకు చెప్పింది. ఆ రెండు నెలలూ ఆవిడ కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేదాన్ని. తర్వాత మళ్లీ ఎప్పుడూ వినలేదు. ఆ బరువు ఏంటో మీకూ తెలిసే ఉంటుంది. దాన్ని మీరు ఆ పొడుగు పిల్ల నెత్తిన పెట్టారు."

మేడమ్ తల వంచుకుంది.

"నేను కింద పిల్లలకి పొగగొట్టం సంగతి చెబుతాను," అంది టెలిఫోనక్క. "పైన ఎవరున్నారో చెప్పను. అది మీరు చెప్పాలి."

మేడమ్ చెప్పదనే నేను అనుకున్నాను. టెలిఫోనక్క ఇలా వదిలేసినందుకు ఆమె మీద కూడా అనుమానమే వచ్చింది. వీళ్లిద్దరూ ఒకటైపోయారా అని.

సోమవారం చాపెల్‌లో నిశ్శబ్దమ్మ లేచింది. ఎప్పట్లాగే కళ్లు మూసుకుంది. "ప్రభువా, తనవి కాని మాటలు విన్న ఒక ముసలిదానిని..." అని ఆగింది. కళ్లు తెరిచింది. ప్రార్థనలో ఆమె కళ్లు తెరవడం ఎవరమూ ఎప్పుడూ చూడలేదు. "ఆ ముసలిదాన్ని నేనే," అంది మా వైపు చూసి. పొగగొట్టం గురించి, పొడుగమ్మాయి గురించి నాలుగు మాటల్లో చెప్పి, "ఈ విషయంలో హాస్టల్లో ఉన్న ఎవరి తప్పూ లేదు. ముఖ్యంగా ఫస్టియర్ పెద్దావిడది," అని కూర్చుంది. పాస్టర్ గారు తర్వాత పాట నంబరు రెండుసార్లు తప్పు చెప్పారు.

ఆ వారమే తాపీమేస్త్రీ వచ్చి రెండు పొయ్యిలూ ఇటుకలతో మూసేశాడు. మేడమ్ రైలెక్కి పొడుగమ్మాయి వాళ్ల ఊరు వెళ్లింది. ఒక్కతే తిరిగొచ్చింది. ఆ పాస్టరు గారు ఆమెని కూర్చోబెట్టి మర్యాద చేసి, "మీరు వినకూడనిది విన్నారు, సరే. మా అమ్మాయి అనకూడనిది అనలేదంటారా?" అన్నాడట. పొడుగమ్మాయి మా కాలేజీకి మళ్లీ రాలేదు. ఇంటి దగ్గరే ఉండి పరీక్షలకి కట్టి పాసయిందని రెండేళ్లకి తెలిసింది. ఆ సంగతి రాసింది మా ఎవరికీ కాదు, టెలిఫోనక్కకి.

పెట్టె తెరిచినందుకు నేను క్షమాపణ అడగడానికి పది రోజులు పట్టింది. గదిలో ఇద్దరం చరిత్ర నోట్సు రాసుకుంటున్నాం.

"అక్కా, మీ పెట్టె..."

"చెప్పు."

"తెరవకూడదు. తప్పే."

"తప్పే," అంది. పోనీలే అనలేదు. కొంచెంసేపయ్యాక పెన్ను కింద పెట్టి నవ్వింది. "మొదటి మూడు వారాలు నేను ఎవర్ని అనుమానించానో తెలుసా? నిన్నే. అయిదయ్యేసరికి రోజూ ఇస్త్రీ గదిలో నువ్వుండేదానివి. నీ నవల సంగతి కూడా నువ్వే బయటికి పంపి, అనుమానం నీ మీదికి రాకుండా వేసిన ఎత్తనుకున్నాను. పుస్తకం మొదటి పేజీ చూడలేదా?"

చూడలేదు. ఆ పూటే తీసి చూపించింది. పైన మా గది నంబరు, నా మంచం గుర్తు, పక్కన ఎర్ర సిరాతో మూడు ప్రశ్నార్థకాలు. నేను వీపు తిప్పుకుని పడుకున్న ఆ రోజుల్లో, అవతలి మంచం మీద ఆమె కూడా నన్ను కాపలా కాస్తూనే ఉందన్నమాట. నాకు కోపం రావాలి. రాలేదు, ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఆమె మూడేళ్లూ చదివింది. ఇంగ్లిషు ఒకసారి తప్పి మళ్లీ రాసింది. నలభై ఏడో ఏట బి.ఏ. పట్టా తీసుకుని, ఒక మిషన్ స్కూల్లో చరిత్ర టీచరుగా చేరి, పదకొండేళ్లు చెప్పింది. బోర్డు వైపు తిరిగి రాస్తూనే వెనక బెంచీలో ఎవరు మాట్లాడుతున్నారో చెప్పేస్తుందని అక్కడి పిల్లలు హడలిపోయేవారట. నిశ్శబ్దమ్మ ఇంకో నాలుగేళ్లు పనిచేసింది. మేం ఆమెని చూసి మాటలు ఆపడం మానేశామని చెప్పలేను. ఆపేవాళ్లమే. కానీ టెలిఫోనక్క మాత్రం ఆదివారం మధ్యాహ్నాలు ఆ మేడ గదికి వెళ్లి ఓ గంట కూర్చుని వచ్చేది. అక్కడ ఏం మాట్లాడుకునేవారో అడిగితే, "అది ఇస్త్రీ గది కాదు," అనేది.

మొన్నీమధ్య ఒక పెళ్లిలో కళ్లద్దాల పిల్ల కనిపించింది. జుట్టు తెల్లబడింది, కళ్లద్దాలు ఇంకా మందమయ్యాయి. పాత కబుర్లన్నీ అయ్యాక టెలిఫోనక్క పోయిందన్న వార్త చెప్పాను. ప్లేటు పక్కన పెట్టింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

"ఎన్ని చెప్పు, నాకింకా అనుమానమే. మేడమ్‌కీ ఆవిడకీ ముందునుంచీ స్నేహం ఉండి ఉంటుంది. ఆ పొగగొట్టం కథ ఇద్దరూ కలిసి అల్లారు."

"నేనక్కడ ఉన్నానే. నీ గొంతు నా చెవులతో విన్నాను. నువ్వు ఛీ అన్నది కూడా విన్నాను."

ఆమె వెనక్కి వాలి, కళ్లద్దాలు సర్దుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీదీ ఆవిడదీ ఒకే గది కదూ," అంది.